మార్జిన్ మీద పడే నిందలు

చెన్నైలో ఏప్రిల్, మే నెలలంటే ప్రాజెక్టు రిపోర్టుల కాలం. గిండీ, కోట్టూరుపురం, ట్రిప్లికేన్ వైపు జిరాక్స్ షాపులకు పొద్దుపోయేదాకా తీరిక ఉండదు. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్లలు గూగుల్ డాక్స్‌లో తయారుచేసిన ఫైలును ఫోన్‌లోంచే షాపుకు పంపి ప్రింటు తీయమంటారు. తెర మీద ముచ్చటగా కనిపించింది కాస్తా కాగితం మీదికి వచ్చేసరికి ఎడమవైపు అక్షరాలు స్పైరల్ తీగలో ఇరుక్కుంటాయి. నలభై పేజీలది నలభైమూడవుతుంది. బొమ్మ ఒక పేజీలో, దాని కింద ఉండాల్సిన పేరు మరో పేజీలో పడతాయి. తీర్పు మాత్రం ఒకటే: మార్జిన్ సరిగ్గా పెట్టలేదు.

ఈ తీర్పు చాలాసార్లు తప్పు. కాగితం సైజు చేసిన పనికి, పేరాను లోపలికి జరిపే ఇండెంట్ చేసిన పనికి, ఫాంటు చేసిన పనికి మార్జిన్ మాట పడుతుంది. అసలు దోషి దొరక్కపోవడంతో ఆ నాలుగు అంకెలనే మళ్లీ మళ్లీ మార్చి, ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టుకోవడం జరుగుతుంది. మార్జిన్ పెట్టడం నిమిషం పని. ఏది మార్జిన్ కాదో తెలుసుకోవడానికే కాస్త సమయం పడుతుంది.

నిమిషం పని ముందు చూద్దాం. గూగుల్ డాక్స్‌లో ఫైల్ మెనూలో పేజ్ సెటప్ తెరిస్తే పైన, కింద, ఎడమ, కుడి అని నాలుగు గడులు కనిపిస్తాయి. ఎవరూ ముట్టుకోకపోతే నాలుగింటిలోనూ అంగుళం, అంటే 2.54 సెంటీమీటర్లు ఉంటుంది. కావలసిన అంకె వేసి ఓకే నొక్కితే అయిపోయింది. ఇకముందు తెరిచే ప్రతి కొత్త ఫైలుకూ అవే కొలతలు కావాలంటే అక్కడే ఉన్న 'సెట్ యాజ్ డిఫాల్ట్' నొక్కాలి. పాత ఫైళ్ల జోలికి అది పోదు.

ఈ అంగుళం లెక్క టైపు మిషన్ల నాటి అలవాటుకు దగ్గరగా ఉంటుంది. పైకా టైపులో అంగుళానికి సరిగ్గా 10 అక్షరాలు పడతాయి కాబట్టి, స్కేలు మీద పది గీతలు వదిలితే అంగుళం వదిలినట్టే. తమిళనాడులో సాంకేతిక విద్యా శాఖ టైపురైటింగ్ పరీక్షలు ఇప్పటికీ నడుపుతోంది. ఆ ఇన్‌స్టిట్యూట్లలో వేళ్లు అరగదీసుకున్నవారికి మార్జిన్ అంటే ఒక ఇనుప అడ్డు. క్యారేజ్ దాని దాకా వచ్చి ఆగుతుంది, రాబోయే ముందు గంట మోగుతుంది. ఆన్‌లైన్ వర్డ్ ప్రాసెసర్‌లో ఆ గంట లేదు. అంతకన్నా పెద్ద తేడా, అసలు కాగితమే లేదు. తెర మీద కనిపించే తెల్ల పలక ఒక ఊహ. ఆ ఊహకు, షాపువాడి ట్రేలో ఉన్న కాగితానికి పొంతన కుదరకపోవడంతోనే మొదటి తగాదా మొదలవుతుంది.

మన దగ్గర ఎక్కడ చూసినా ఏ4. అది 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. జర్మనీలో 1922లో ప్రమాణంగా మొదలై, తర్వాత అంతర్జాతీయ ప్రమాణమైంది. అమెరికాలో వాడేది లెటర్ సైజు: ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు. అంటే ఏ4 కన్నా దాదాపు 6 మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ, పొడవు 17 మిల్లీమీటర్లకు పైగా తక్కువ. ఖాతా సెట్టింగులు అమెరికా ఇంగ్లీషులో ఉన్నప్పుడు కొత్త ఫైలు గుట్టుగా లెటర్ సైజులోనే తెరుచుకుంటుంది. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, కంటికి తేడా తెలియదు. షాపులో ప్రింటు డైలాగ్‌లో 'ఫిట్ టు పేజ్' టిక్కు పెట్టి ఉంటే ఆ లెటర్ పేజీని 97 శాతానికో, ఇంకా కిందికో కుదించి ఏ4 మీద పడేస్తుంది. నాలుగు సెంటీమీటర్ల మార్జిన్ 3.9 అవుతుంది, 12 పాయింట్ల అక్షరం 11.7 అవుతుంది. స్కేలు పెట్టి కొలిచే గైడుగారు దొరికితే అంతే సంగతులు. టిక్కు తీసేస్తే కుడివైపు అర సెంటీమీటరు కోసుకుపోయి, కింద అక్కర్లేని ఖాళీ మిగులుతుంది. రెండు సందర్భాల్లోనూ పేజ్ సెటప్‌లోని నాలుగు అంకెలూ నూటికి నూరుపాళ్లూ సరైనవే. అందుకని అదే డైలాగ్‌లో ఉన్న పేపర్ సైజును ముందు ఏ4 చేసి, ఆ తర్వాతే మార్జిన్ గడుల్లోకి వెళ్లాలి. ప్రింటు డైలాగ్‌లో 'స్కేల్', అంటే అచ్చు పరిమాణం, 100 శాతం ఉందో లేదో చూసుకోవాలి.

ఇదే అమెరికా సెట్టింగు ఇంకో చిన్న వల కూడా వేస్తుంది. గడుల్లోని కొలత అంగుళాల్లో ఉందా, సెంటీమీటర్లలో ఉందా అన్నది భాష, దేశం సెట్టింగును బట్టి మారుతుంది. నిబంధనలో '4 సెం.మీ.' అని చదివి, అంగుళాల గడిలో రెండువైపులా 4 కొట్టారనుకోండి. ఏ4 వెడల్పే 8.27 అంగుళాలు. రాయడానికి మిగిలేది పావు అంగుళం చిల్లర. అంత ఘోరం కంటపడుతుంది కాబట్టి ప్రమాదం లేదు. పైన, కింద 2 సెంటీమీటర్లకు బదులు 2 అంగుళాలు పడినప్పుడు మాత్రం 'కొంచెం ఖాళీ ఎక్కువుంది' అనిపించి ఊరుకుంటారు. నాలుగు సెంటీమీటర్లంటే 1.57 అంగుళాలు, రెండంటే 0.79 అని గుర్తుంచుకుంటే చాలు.

సైజు కుదిరాక అసలు ప్రశ్న వస్తుంది: ఎంత వదలాలి? దీనికి జవాబు అందం దగ్గర వెతికితే దొరకదు, ప్రింటు అయ్యాక ఆ కాగితానికి ఏం జరగబోతోందో చూస్తే దొరుకుతుంది. అన్నా విశ్వవిద్యాలయం ప్రాజెక్టు రిపోర్టు నమూనాలో ఎడమ 35 నుంచి 40 మిల్లీమీటర్లు, కుడి 20 నుంచి 25, పైన 30 నుంచి 35, కింద 25 నుంచి 30 అని ఉంటుంది. నాలుగువైపులా నాలుగు రకాల అంకెలు చూసి విసుక్కునే పిల్లలకు, ఆ నమూనా రాసినవారు బైండింగ్ బల్ల దగ్గర నిలబడి ఆలోచించారన్న సంగతి తట్టదు. హార్డ్ బైండింగ్‌లో కాగితాల కట్టను ఎడమ అంచున కుట్టో, జిగురు పూసో బిగిస్తారు. అక్కడ సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకాస్త పోతుంది. పుస్తకం తెరిచినప్పుడు ఆ మడత దగ్గర పేజీ వంపు తిరుగుతుంది కాబట్టి మరికొంత కంటికి అందదు. నాలుగు సెంటీమీటర్లు ఇస్తే చదివేవాడికి చివరికి మిగిలేది రెండో, రెండున్నరో. అంటే కుడివైపు వదిలినంతే. తెర మీద వంకరగా కనిపించిన పేజీ బైండింగ్ అయ్యాకే సమంగా కనిపిస్తుంది. అట్ట వేశాక మిగతా మూడు అంచులనూ కటింగ్ మిషన్‌లో పెట్టి సాపు చేస్తారు. అక్కడా కొన్ని మిల్లీమీటర్లు ఎగిరిపోతాయి. పేజీ నంబరును కాగితం చివరికంటా తోసి పెట్టినవారి నంబర్లు కొన్నిసార్లు సగానికి తెగేది ఇక్కడే. స్పైరల్ అయితే కటింగ్ బాధ లేదు కానీ, వరుసగా రంధ్రాలు పడతాయి. అర అంగుళం మార్జిన్ పెట్టినవారి మొదటి అక్షరాలు ఆ రంధ్రాల పక్కనే వేలాడతాయి.

ఇంతకన్నా ఆసక్తికరమైన లెక్క సుప్రీంకోర్టుది. కాగితం ఆదా కోసం 2020 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ఏ4 కాగితానికి రెండువైపులా ప్రింటు చేసే పద్ధతి వచ్చింది. టైమ్స్ న్యూ రోమన్, 14 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర ఎడం, ఎడమ కుడి రెండువైపులా 4 సెంటీమీటర్లు, పైన కింద 2 సెంటీమీటర్లు. కుడివైపు కూడా నాలుగెందుకు? కాగితానికి రెండువైపులా అచ్చు పడినప్పుడు, ముందు పేజీకి ఎడమ అంచు ఏదో వెనక పేజీకి అదే కుడి అంచు. ఫైలు దారం గుచ్చే రంధ్రం ముందువైపు ఎడమన కనిపిస్తే, తిప్పి చూసినప్పుడు కుడిన కనిపిస్తుంది. రెండువైపులా సమానంగా వదిలేస్తే రంధ్రం ఎటు పడినా అక్షరం తెగదు. కాగితం కొంత వృథా అవుతుంది, నిజమే. ఏ4లో అక్షరాలకు మిగిలే చోటు 54 శాతం లోపే. కానీ ఏ వర్డ్ ప్రాసెసర్‌లోనైనా, ఎంత పాత కంప్యూటర్‌లోనైనా తప్పకుండా పనిచేసే నియమం అది. తెలివైన నియమం.

గూగుల్ డాక్స్ వాడేవారికి ఈ ఉపాయం మరీ అవసరం. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో 'మిర్రర్ మార్జిన్స్' ఉంది. సరి పేజీల్లో ఒకవైపు, బేసి పేజీల్లో మరోవైపు ఎక్కువ వదిలే ఏర్పాటది. బైండింగ్ కోసమే విడిగా కొంత కలిపే 'గట్టర్' కూడా వర్డ్‌లో ఉంది. గూగుల్ డాక్స్‌లో ఈ రెండూ లేవు. కాబట్టి రెండువైపులా ప్రింటు తీసి బైండు చేయించే పుస్తకాన్ని, అది సంఘం సావనీరైనా, శతక వ్యాఖ్యానమైనా, డాక్స్‌లో రాసుకోవడం వరకు బాగుంటుంది. పేజీలు కట్టే దశకు వచ్చాక వర్డ్‌కో, లిబ్రే ఆఫీస్‌కో మార్చుకోవాలి. లేదంటే సుప్రీంకోర్టు దారిలో రెండువైపులా సమానంగా వదిలేయాలి. ఫైలును సెక్షన్లుగా, అంటే విడి భాగాలుగా, కోసి ఒక్కో పేజీకి విడివిడిగా మార్జిన్లు పెట్టుకుంటూ పోయేవారూ ఉన్నారు. మధ్యలో ఒక పేరా చేరగానే ఆ కష్టమంతా గంగపాలు.

ఇక రూలర్. ఎక్కువమంది పేజ్ సెటప్ దాకా వెళ్లరు. తెర పైభాగంలో కనిపించే రూలర్‌నే పట్టుకుని లాగుతారు. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. రూలర్ ఎడమ చివర బూడిద రంగు, తర్వాత తెలుపు. ఆ రెండింటి సరిహద్దే మార్జిన్. సరిగ్గా ఆ సరిహద్దు మీదే రెండు నీలం గుర్తులు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. పైన ఉన్న చిన్న అడ్డపట్టీ పేరా మొదటి వరుసది. కింద ఉన్న బోర్లించిన త్రికోణం ఆ పేరా మొత్తానిది. ఇవి ఇండెంట్లు. వీటికీ మార్జిన్‌కూ సంబంధం లేదు. మౌస్‌తో పట్టుకున్నప్పుడు వేలికి అందేది నూటికి తొంభైపాళ్లు ఆ త్రికోణమే, ఎందుకంటే సరిహద్దు గీత దాని వెనక నక్కి ఉంటుంది. త్రికోణాన్ని లాగితే కర్సర్ ఉన్న పేరా ఒక్కటే జరుగుతుంది. 'మార్జిన్ పెట్టాను, మొదటి పేరాకే వచ్చింది, మిగతావాటికి రాలేదు' అన్న ఫిర్యాదుకు మూలం ఇదే. కొందరు అంతటితో ఆగకుండా ప్రతి పేరానూ విడివిడిగా లాగుతారు. అప్పుడు ఏ రెండు పేరాలూ ఒక గీత మీద ఉండవు. ఆపైన పేజ్ సెటప్‌లో అంకె మార్చినా ఆ వంకరలు పోవు, వంకరలతో సహా మొత్తం జరుగుతుంది. మార్జిన్ గీతనే పట్టుకున్నామని తెలియాలంటే బూడిద భాగం మీదికి మౌస్ తెచ్చి, అది రెండువైపుల బాణంగా మారాకే లాగాలి. అంత సూక్ష్మం ఎందుకనుకుంటే రూలర్ జోలికి పోకుండా అంకెలే కొట్టుకోవచ్చు. కొలతలు నిబంధన ప్రకారం ఉండాల్సినచోట అదే మేలు. రూలర్ కంటి అంచనాకు పనికొస్తుంది, స్కేలు పెట్టి చూసేవాళ్లకు కాదు.

తెలుగులో రాసేవారికి ఇంకో చిక్కుంది. దీన్ని ఇంగ్లీషు మాన్యువల్ ఏదీ చెప్పదు. మన మాటలు పొడుగు. 'మాట్లాడుకుంటున్నప్పుడు' అన్నది ఒకే మాట. వరుస చివర అది పట్టకపోతే మొత్తంగా కింది వరుసకు దూకుతుంది. గూగుల్ డాక్స్‌లో మాటను దానంతట అదే విరిచే ఏర్పాటు లేదు. రెండువైపులా నాలుగేసి సెంటీమీటర్లు వదిలితే వరుసకు మిగిలేది 13 సెంటీమీటర్లు. అందులో 14 పాయింట్ల తెలుగు పెట్టి, రెండు అంచులనూ సమం చేసే 'జస్టిఫై' నొక్కితే, దూకిపోయిన మాట ఖాళీ చేసిన చోటంతా మిగిలిన మాటల మధ్య పంచబడి, మాటకూ మాటకూ మధ్య గుంతలు పడతాయి. చూసేవారు మళ్లీ మార్జిన్‌నే తిడతారు. జస్టిఫై తీసేసి ఎడమవైపు మాత్రమే సమంగా ఉంచితే గుంతలు పోతాయి. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉండటం తప్పేమీ కాదు.

తాటాకుల మీద రాసిన లేఖకులకు ఈ బాధ లేదు. 1869 నుంచి చెన్నైలో ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మాటల మధ్య ఎడం లేకుండా రాయడం, అంచు వచ్చినచోట మాటను అక్షరం దగ్గర విరిచి కింది వరుసలో కొనసాగించడం ఆ రాత పద్ధతి. వదిలింది ఎక్కడయ్యా అంటే దారం గుచ్చే రంధ్రం చుట్టూ. బైండింగ్‌కు ఎంత అవసరమో అంతే, అక్కడే. గట్టర్ అన్న ఆలోచన వర్డ్‌తో పుట్టలేదన్నమాట.

ఫాంటు చేసే అల్లరి వేరు. మండలి, సూరన్న, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంట్లు గూగుల్ డాక్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఒక్కోదాని వరుస ఎత్తు ఒక్కోరకం. పైన గుడులు, కొమ్ములు, కింద ఒత్తులు పట్టాలి కదా. అదే 12 పాయింట్లలో ఒక ఫాంటు నుంచి ఇంకోదానికి మారితే పేజీకి పట్టే వరుసలు తగ్గుతాయి, పైన మార్జిన్ పెరిగిందేమో అన్న భ్రమ కూడా కలుగుతుంది. ఈ తంటా అసలు రూపం జిరాక్స్ షాపులో బయటపడుతుంది. డాక్స్ నుంచి వర్డ్ ఫైలుగా దించి పంపితే, తమిళానికి సరిపడా ఫాంట్లు పెట్టుకున్న షాపు కంప్యూటర్‌లో మండలి ఉండదు. విండోస్ దాని బదులు నిర్మలా యూఐనో, గౌతమినో తెచ్చి పెడుతుంది. అక్షరాల వెడల్పు మారుతుంది, వరుసలు మారతాయి, నలభై పేజీలది నలభైమూడు అయ్యేది ఇక్కడే. మార్జిన్ వెంట్రుకవాసి కూడా కదలలేదు. డాక్స్‌లోనే ఫైల్, డౌన్‌లోడ్, పీడీఎఫ్ అని దించుకుని ఆ పీడీఎఫ్‌నే పంపితే ఫాంటు దానితోనే వెళ్తుంది, షాపులో ఏమున్నా లేకపోయినా ఒకటే. ఎంత చెప్పినా వర్డ్ ఫైలే పంపేవారికి ఒక కారణముంది: చివరి నిమిషంలో షాపులోనే ఒక తప్పు దిద్దుకోవచ్చని. ఆ ఒక్క దిద్దుబాటే మూడు పేజీలు తెచ్చిపెడుతుంది.

మార్జిన్ గడులే కనిపించడం లేదంటే ఫైలు 'పేజ్‌లెస్' పద్ధతిలో ఉన్నట్టు. 2022లో గూగుల్ తెచ్చిన ఈ పద్ధతిలో పేజీలే ఉండవు, కాబట్టి మార్జిన్లు, పేజీ నంబర్లు, ప్రతి పేజీ పైనా వచ్చే హెడర్లు కూడా ఉండవు. అదే పేజ్ సెటప్‌లో 'పేజెస్' వైపు మారితే అన్నీ తిరిగొస్తాయి. పైన మార్జిన్ ఎంత తగ్గించినా తగ్గడం లేదంటే హెడర్‌లో రెండు మూడు వరుసలు ఉండి ఉంటాయి. హెడర్ పెరిగినకొద్దీ అసలు పాఠాన్ని కిందికి నెడుతుంది. మధ్యలో ఒక్క పెద్ద పట్టికకే మార్జిన్ తగ్గించాలంటే దానికి ముందూ వెనకా సెక్షన్ బ్రేక్ పెట్టి, పేజ్ సెటప్‌లో ఆ సెక్షన్‌కు మాత్రమే అని ఎంచుకోవాలి. డాక్యుమెంట్ మొత్తానికి అని ఉంచి నొక్కితే అంతా మారుతుంది.

గూగుల్ డాక్స్ పేరు ఇన్నిసార్లు చెప్పాక చెన్నైలో ఉండి ఒక మాట చెప్పకపోతే బాగుండదు. రైట్లీ అనే సేవను కొని గూగుల్ ఈ రంగంలోకి దిగింది 2006లో. అప్పటికే 2005లో జోహో రైటర్ వచ్చేసింది. దాని వెనకున్న సంస్థ ఈ నగరం శివార్లలో జీఎస్టీ రోడ్డు పక్కనే ఉంది. మార్జిన్, పేపర్ సైజు, ఇండెంట్ అనే మూడు ముక్కలు అందులోనూ విడివిడివే, ఒకదాని తప్పు ఇంకోదాని మీద పడటం అక్కడా జరిగేదే.

పేజీలు తగ్గించుకునేందుకు మార్జిన్ కోసేయడం గురించి కూడా లెక్క చూసుకోవాలి. ఏ4లో నాలుగువైపులా అంగుళం వదిలితే కాగితంలో 63 శాతం మీదే అక్షరాలుంటాయి. అర అంగుళానికి తగ్గిస్తే అది 80 శాతం అవుతుంది. అచ్చు పట్టే చోటు నాలుగో వంతుకు పైగా పెరిగినట్టు, నలభై పేజీలది ముప్ఫై ఒకటికో రెండుకో వస్తుంది. పేజీకి ఇంత అని డబ్బు కట్టేవారికి ఇది ఊరించే లెక్కే. చదివి పారేసే నోట్సుకు, మీటింగు కాగితాలకు నిక్షేపంలా చేయవచ్చు. బైండింగ్‌కు వెళ్లేదానికి మాత్రం వద్దు. అర అంగుళంలో రంధ్రాలకు పోగా మిగిలేది ఏమీ ఉండదు. ఎంత తగ్గించదలిచినా ప్రింటర్ ఒప్పుకోని గీత ఒకటి ఉంటుంది. మామూలు లేజర్ ప్రింటర్లు అంచున దాదాపు 4 మిల్లీమీటర్లు అచ్చు వేయలేవు. సున్నా పెడితే తెర ఒప్పుకుంటుంది, ప్రింటర్ ఒప్పుకోదు.

మార్జిన్ ఏ కొంచెం మార్చినా విషయసూచికలోని పేజీ నంబర్లు పాతవే ఉండిపోతాయి. డాక్స్ వాటిని దానంతట అది మార్చదు. విషయసూచిక మీద నొక్కినప్పుడు పక్కన కనిపించే గుండ్రటి బాణాన్ని నొక్కాలి. కొలతలన్నీ ఖాయం చేసుకున్నాక, పీడీఎఫ్ దించే ముందు ఆ బాణం ఒకసారి నొక్కితే సరిపోతుంది.